అక్షరపు బిళ్ళల ఆట: పుట్టుక, నడక, తెలుగు అక్షరము

ఆటలను గూర్చిన విచారము విశ్వవిద్యాలయ పత్రికకు తగదని తలంచువారు కొందరు కలరు. మేము ఇచట ఎత్తుకొన్న ఆటకు భాషాశాఖతో గల చుట్టఱికము తెలిసినచో వారును ఈ శంకను విడుతురని మా నమ్మకము. అక్షరములు వ్రాసిన చిన్న బిళ్ళలను గళ్ళ పటముపై పేర్చి పదములు కూర్చు ఈ ఆట ‘స్క్రాబుల్’ అను పేర లోకప్రసిద్ధము. ఇది ఇంగ్లీషు భాషకొఱకు అమెరికాదేశమున పుట్టినది. మన విద్యార్థి వసతిగృహములందును, విదేశములందలి తెలుగువారి యిండ్లలోను నలుగురు మిత్రులు చేరినపుడు దీనిని ఆడుట కద్దు. ఆడువారు తెలుగువారైనను ఆడునది మాత్రము ఇంగ్లీషులోనే. తెలుగున ఏల ఆడరని యడిగినచో, “మన లిపి ఇందుకు పనికిరాదు” అను సమాధానము తఱచుగ వచ్చుచుండును. విద్యార్థుల నోటను, విద్వాంసుల నోటను మేము ఈ మాటను పలుమాఱులు వింటిమి. ఇది లిపిపై మోపిన నేరము. ఆ నేరము నిలుచునా నిలువదా యని విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. అందులకు ముందుగ ఆట పుట్టుకను, ఆడు విధమును, దాని యడుగున నున్న లెక్కను తెలిసికొనవలెను.

1. ఆట పుట్టుక

ఈ ఆటను కల్పించినవాడు ఆల్ఫ్రెడ్ మోషర్ బట్స్. ఇతడు 1899లో న్యూయార్కు రాష్ట్రమందలి పొకీప్సీ పట్టణమున జన్మించెను, 1993లో మరణించెను. వృత్తిచే భవనములకు నమూనాలు గీయు వాస్తుశిల్పి. 1929లో ఆరంభమైన ఆర్థికమాంద్యమువలన కట్టడముల పని తగ్గిపోగా 1931లో ఇతని యుద్యోగము పోయినది. తీరిక ఎక్కువై రాబడి లేక యున్న ఆ దినములలో ఇతడు ఆటలను గూర్చి శాస్త్రీయముగ ఆలోచింప మొదలిడెను. ఆటలన్నిటిని మూడు తెగలుగ విభజించెను: పాచికలవంటి సంఖ్యల ఆటలు, చదరంగమువంటి కదలిక గల ఆటలు, పదముల ఆటలు. మొదటి తెగలో అదృష్టము మెండు. రెండవదానిలో నేర్పు మెండు. ఈ రెండింటిని సమపాళ్ళలో కలిపిన పదముల ఆట ఒకటి కావలెనని అతని సంకల్పము.

అతనికి ముందే రెండు ఆటలు వాడుకలో నుండెను. చెదరిన అక్షరములను మార్చి కూర్చి పదములు చేయు ఆట 19వ శతాబ్ది నాటికే ఇంగ్లీషువారి యిండ్లలో కలదు. రెండవది గళ్ళ నుడికట్టు. ఆర్థర్ విన్ అను పాత్రికేయుడు 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో దీనిని తొలిసారిగ ప్రకటించెను. మొదటిదానిలోని బిళ్ళలను రెండవదానిలోని గళ్ళతో జతచేయుట బట్స్ చేసిన పని. ఇది ఒకేసారి జరిగినది కాదు. 1930ల తొలినాళ్ళలో అతడు ‘లెక్సికో’ అను పేర చేసిన ఆటకు పటము లేదు. 1938లో గళ్ళ పటమును చేర్చి ‘క్రిస్-క్రాస్ వర్డ్స్’ అను పేరు పెట్టెను. ఆటవస్తువుల వ్యాపారులు దీనిని తిరస్కరించిరి. బట్స్ తన చేతులతో కొన్ని పెట్టెలు చేసి పరిచితులకు అమ్ముకొనెను.

అట్టి పెట్టె ఒకటి చేతికందినవారిలో జేమ్స్ బ్రూనో ఒకడు. ప్రతి పెట్టెపై బట్స్‌కు కొంత రుసుము చెల్లించు ఒడంబడికతో ఇతడు తయారీహక్కు పొందెను. నియమములను సుగమము చేసెను. పటముపై ఎక్కువ విలువ గల గళ్ళ స్థానములను సవరించెను. 1948లో ‘స్క్రాబుల్’ అను పేరును నమోదు చేయించెను. కనెక్టికట్ రాష్ట్రమున, మూతపడిన ఒక చిన్న బడిలో బిళ్ళలపై అక్షరములు అచ్చొత్తు పని సాగినది. 1949లో 2,400 పెట్టెలు తయారుచేసి 450 డాలర్లు నష్టపోయినట్లు చెప్పుదురు. 1952లో న్యూయార్కునందలి ఒక గొప్ప దుకాణపు అధిపతి విహారమునకు పోయినచోట ఈ ఆటను చూచి ముచ్చటపడి తన దుకాణమున దీనిని పెట్టించెనని ప్రతీతి. అటుపై గిరాకి ఆ చిన్న బడికి మించిపోయినది. సెల్కో అండ్ రైటర్ అను సంస్థకు తయారీహక్కు నీయవలసివచ్చెను. ప్రపంచస్థాయి పోటీ 1991లో లండనునందు తొలిసారిగ జరిగినది.

2. ఆడు విధము

తరువాతి చర్చకు ఆధారముగ ఆట నియమములను క్లుప్తముగ చెప్పెదము. ఇద్దరు మొదలు నలుగురు వఱకు ఆడవచ్చును. పటముపై అడ్డముగ 15, నిలువుగ 15 చొప్పున 225 గళ్ళుండును. సంచిలో 100 బిళ్ళలు. అందు 98 అక్షరములు గలవి, 2 ఖాళీవి. ఖాళీ బిళ్ళ ఏ యక్షరమునకైనను బదులు నిలుచును గాని దానికి విలువ లేదు. ప్రతి యాటగాడును సంచిలోనికి చూడక ఏడు బిళ్ళలు తీసి, ఎదుటివారికి కనబడకుండ చిన్న బద్దపై నిలుపుకొనును. మొదటివాడు నడిమి గడి మీదుగ ఒక పదము పేర్చును. తరువాతివారు తమ బిళ్ళలను ముందున్న బిళ్ళలకు తాకునట్లుగ అడ్డముగనో నిలువుగనో పేర్చవలెను. అట్లు పేర్చుటవలన ఏర్పడిన వరుస ప్రతిదియు చెల్లుబాటగు పదము కావలెను. వాడిన బిళ్ళలకు మాఱుగ సంచినుండి తిరిగి తీసికొని ఏడు నింపుకొందురు. పదము తోచనివాడు తన వంతు వదలుకొని బిళ్ళలను మార్చుకొనవచ్చును. సంచిలో ఏడింటికి తక్కువ యున్నపుడు ఆ వీలు లేదు.

ప్రతి బిళ్ళపైనను దాని విలువ ముద్రింపబడియుండును. పటముపై 61 గళ్ళు ప్రత్యేకములు: కొన్ని అక్షరపు విలువను, కొన్ని పదపు విలువను రెండింతలో మూడింతలో చేయును. ఏడు బిళ్ళలను ఒకే వంతులో వాడినవానికి 50 పాయింట్లు అదనము. ‘క్విజ్’ అను ఇంగ్లీషు పదమును మొదటివాడు పేర్చినాడనుకొందము. అందలి ‘క్యూ’, ‘జెడ్’ అక్షరములకు పదేసి, ‘యు’, ‘ఐ’లకు ఒక్కొక్కటి, మొత్తము 22. నడిమి గడి పదపు విలువను రెండింతలు చేయును గావున అతనికి 44 వచ్చును. ఎదుటివాడు పేర్చిన పదమును శంకించు హక్కు అందఱికిని కలదు. నిఘంటువు చూచి, పదము లేనిచో బిళ్ళలు వెనుకకు తీయింతురు. సంచి ఖాళీయై, ఒకడు తన బిళ్ళలన్నియు వాడినపుడు ఆట ముగియును. తక్కినవారి చేతిలో మిగిలిన బిళ్ళల విలువ వారి మొత్తమునుండి తీసివేయుదురు.

3. బిళ్ళల అడుగున నున్న లెక్క

ఏ యక్షరమునకు ఎన్ని బిళ్ళలు, ఎంత విలువ యని బట్స్ ఊహించి పెట్టలేదు, లెక్కించి పెట్టెను. ఎడ్గార్ ఆలన్ పో 1843లో ప్రకటించిన ‘ది గోల్డ్ బగ్’ అను కథలో, ఏ యక్షరము ఎక్కువగ వచ్చునో గమనించి ఒక రహస్యలేఖను విప్పిన వృత్తాంతము కలదు. ఆ కథ బట్స్‌కు దారి చూపెను. అతడు ‘న్యూయార్క్ టైమ్స్’ మొదలగు పత్రికల పుటలను ముందుంచుకొని, ఒక్కొక్క యక్షరము ఎన్నిమాఱులు వచ్చినదో గీతలు గీసి లెక్కించెను. అన్నిటికంటె తఱచుగ వచ్చు ‘ఈ’ అక్షరమునకు 12 బిళ్ళలు, 1 పాయింటు. అరుదైన ‘జెడ్’కు 1 బిళ్ళ, 10 పాయింట్లు ఏర్పడుట ఇట్లే. అనగా ఒక కాలపు ఇంగ్లీషు వార్తాపత్రిక ఈ పెట్టెలో లెక్కరూపమున నిలిచియున్నది.

అయినను లెక్క యొక్కటే చాలలేదు. ఇంగ్లీషున ‘ఎస్’ అక్షరము మిక్కిలి తఱచుగ వచ్చునదైనను దానికి బట్స్ నాలుగే బిళ్ళలిచ్చెను. ఆ యక్షరమును చివర చేర్చినచో పదములు చాలవఱకు బహువచనములగును. ఎదుటివాని పదమునకు ఒక్క బిళ్ళ తగిలించి దాని విలువనంతయు కాజేయు వీలు కలుగును. ఆటను చెఱుపు సౌలభ్యమును అతడు ముందుగ పసిగట్టి అడ్డుకట్ట వేసెను. గణితమును వ్యాకరణము సవరించిన తావు ఇది. తెలుగు విచారమునకు ఇది మనకు ముఖ్యముగ పనికివచ్చును.

ఆట ఇతరభాషలకు పోయినపుడు లెక్క మాఱినది. ఇంగ్లీషున 10 పాయింట్లు గల ‘జెడ్’ పోలిష్ భాషలో మిక్కిలి సాధారణము. అచట దాని విలువ 1. ఫ్రెంచియందును, జర్మనుయందును బిళ్ళలు 102; ‘ఈ’ అక్షరమునకు 15. జర్మనులో చుక్కలు గల అచ్చులకు వేఱు బిళ్ళలు కలవు. రెండు గుర్తులతో వ్రాసి ఒకే యక్షరముగ నెంచు ధ్వనులకు వెల్షు భాషలో ఒకే బిళ్ళ నిచ్చిరి. స్పానిషునందును అట్టివి కలవు. దీనివలన తేలునదేమనగా, ఆట ఒక భాషకు పోవునపుడు ఆ భాష తన యక్షరమేదో తాను నిర్వచించుకొనవలెను. ఆ పని చేసినవారికి ఆట లొంగినది. “తెలుగు లిపికి పనికిరాదు” అనువారు ఆ నిర్వచనము చేసి చూచినవారు కారు.

4. మన అక్షరక్రీడలు

అక్షరములతో ఆడుట మనకు క్రొత్త గాదు. అవధానమున వ్యస్తాక్షరి యను అంశము కలదు. పృచ్ఛకుడు ఒక వాక్యమందలి అక్షరములను వరుస తప్పించి, ఒక్కొక్కదానిని దాని సంఖ్యతో నడుమ నడుమ అందించును. అవధాని తుదకు వానిని వరుసలో పెట్టి వాక్యము చెప్పవలెను. న్యస్తాక్షరిలో ఫలాన పాదమున ఫలాన స్థానమున ఫలాన అక్షరమే నిలువవలెనని ముందే నియమింతురు. ఆ నాటిన యక్షరము మీదుగ పద్యమును నడుపవలెను. పటముపై నున్న బిళ్ళ మీదుగ పదమును నడుపు ఆటగాని కష్టము ఇట్టిదే. నిషిద్ధాక్షరిలో కావలసిన యక్షరము చేతికందకుండ చేయుదురు. తిరుపతి వేంకట కవులు ఊరూర అవధానములు చేసి ఈ విద్యను జనసామాన్యమునకు చేరువ చేసిరి.

చిత్రకవిత్వమున నాగబంధము, పద్మబంధము మొదలగువానియందు ఒక చోట నిలిపిన యక్షరము పలు పాదములకు పంచబడును. అడ్డపదమును నిలువుపదమును ఒక గడిలో కలియుటయు అట్టి పంపకమే. ఇంతమాత్రముచే ఈ ఆట మనకు ముందే యుండెనని గాని, బట్స్ మననుండి గ్రహించెనని గాని చెప్పుట సాహసము. అట్టి గర్వము మాకు లేదు. అక్షరమును పంచుటకును, నాటుటకును, చెదరగొట్టి కూర్చుటకును మనకు ప్రాతనియమములు కలవని మాత్రమే మా వాదము. ఆ నియమములు ముందు మనకు అక్కఱకు వచ్చును.

గళ్ళ నుడికట్టు తెలుగునకు సులువుగనే వచ్చినది. శ్రీశ్రీ ‘ఆంధ్రపత్రిక’ వారపత్రికకు పదబంధప్రహేళికలు కూర్చెను. అవి ఎందఱనో అలరించినవి. అచట గుణింతముతోను వత్తుతోను గూడ ఒక్కొక్క గడికి ఒక్కొక్క యక్షరము. లిపి ఏ యడ్డంకియు చెప్పలేదు. మఱి బిళ్ళల ఆట కేల అడ్డము చెప్పవలెను? నుడికట్టులో అక్షరమును కలము అప్పటికప్పుడు వ్రాయును. బిళ్ళపై అక్షరము ముందే వ్రాయబడియుండును. వాని సంఖ్యకు మితి కలదు. ఇబ్బంది యంతయు ఈ మితివలన వచ్చినది. అచ్చుకూటమువారికి ఇది ప్రాత యనుభవమే. ఇంగ్లీషు టైపు పేర్చువారికి గళ్ళు కొన్ని చాలగా, తెలుగు టైపు పేర్చువారికి కొన్ని వందల అచ్చులు కావలసివచ్చెను. అయినను తెలుగు పుస్తకము లచ్చుపడకపోలేదు.

5. నాలుగు పద్ధతుల పరిశీలనము

బిళ్ళకు ఏది ప్రమాణము కావలెనను విషయమున నాలుగు పద్ధతులు మాకు తోచినవి. మేము ముగ్గురు మిత్రులతో కూడి అట్టముక్కలపై అక్షరములు వ్రాసికొని, కొన్ని సాయంకాలములు వీనిని ఆడి చూచితిమి.

మొదటిది, వర్ణమాలలోని అక్షరములను ఉన్నవి యున్నట్లుగ బిళ్ళలపై వ్రాయుట. ఇది ఆరంభముననే కూలినది. ‘క’ బిళ్ళ యున్నను ‘కి’ లేదు. తలకట్టు తప్ప వేఱు గుణింతమెఱుగని పదములు మన భాషలో ఎన్ని కలవు?

రెండవది, నుడికట్టు వలె గుణింతముతో కూడిన పూర్తి యక్షరమును బిళ్ళగ చేయుట. హల్లులను 35గను, ఒక్కొక్కదాని గుణింతములను 12గను తీసికొన్నను 420 బిళ్ళలగును. ఇందు అచ్చులు చేరలేదు, సంయుక్తాక్షరములు చేరలేదు, ఏ యక్షరమునకును రెండవ ప్రతి లేదు. ఉదాహరణమునకు ఒక సామాన్యవాక్యమును మేమే వ్రాసి లెక్కించితిమి: ‘పిల్లలు చెట్టు క్రింద కూర్చుండి కథలు చెప్పుకొనుచున్నారు.’ ఇందు అక్షరములు 20. రెండుమాఱులు వచ్చినవి ‘లు’, ‘చె’ అను రెండే. తక్కిన 16 ఒక్కొక్కసారియే వచ్చినవి. అనగా 20 అక్షరములకు 18 వేఱువేఱు బిళ్ళలు కావలెను. ఇట్టి నిధినుండి చూడక తీసిన ఏడు బిళ్ళలలో ‘ర్చుం’, ‘ఠీ’, ‘ఘే’ వంటివి పడినచో ఎంత నేర్పరియైనను చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. మా యాటలో నిదియే జరిగినది.

మూడవది, హల్లును వేఱుగ, గుణింతపు గుర్తును వేఱుగ, వత్తును వేఱుగ బిళ్ళలు చేయుట. 1991లో తొలికూర్పు వెలువడిన యూనికోడ్ విధానమున గణనయంత్రము తెలుగును దాచుకొనునది ఇట్లే. యంత్రమునకు ఇది తగును; ఏలయన అది విడిగ దాచినను చూపునపుడు కలిపి చూపును. పటముపై కలుపువారు లేరు. ‘కి’ అను ఒక యక్షరము రెండు గళ్ళను ఆక్రమించును. చదువువాని కంటికి పదము పదమువలె కనబడదు. నిలువుపదములలో గుడియు కొమ్మును హల్లునకు క్రింది గడిలో పడి మఱింత వికారమగును.

6. ప్రాస చూపిన త్రోవ

నాలుగవ పద్ధతికి మాకు దారి చూపినది ఛందస్సు. పద్యమున ప్రతిపాదమందును రెండవ యక్షరపు హల్లు ఒకటే కావలెననుట ప్రాసనియమము. హల్లు కలిసిన చాలును. దానిపైని అచ్చు ఏదైనను కావచ్చును. ‘మ’కు ‘మి’, ‘మో’ ప్రాసలో చెల్లును. అక్షరమును చీల్చి హల్లును అచ్చును వేఱు చేసి చూచుట మన లాక్షణికులకు తెలియనిది కాదని దీనివలన తేలుచున్నది. దీనినే ఆటకు అన్వయించినచో, బిళ్ళపై హల్లు మాత్రమే యుండును. గుణింతము ఆటగాని యిష్టము. క-మ-ల యను మూడు బిళ్ళలతో ‘కమల’, ‘కోమలి’, ‘కుమిలె’ అనువానిలో దేనినైనను చెప్పవచ్చును. పదాదిని వచ్చు అచ్చులకు మాత్రము వేఱు బిళ్ళలు కావలెను.

సంయుక్తాక్షరముల మాట మిగిలినది. ‘ల్ల’, ‘ట్టు’ వంటి ద్విత్వములకు అదే హల్లు బిళ్ళ యొక్కటి చాలునని మేము నియమించుకొంటిమి. ‘క్రిం’ వంటి భిన్నహల్లుల సంయోగమునకు ఒకే గడిలో ఒక బిళ్ళపై మఱియొక బిళ్ళను కొంచెము క్రిందికి జరిపి పెట్టితిమి. అది వత్తు వలెనే కనబడినది. ప్రాసలో పూర్ణబిందువునకు గల నియమమును ఆటలో సడలించితిమి. పై వాక్యమును ఈ పద్ధతిని మరల లెక్కించినచో హల్లులు 26. వేఱువేఱుగ నున్నవి పదియే. ద్విత్వములకు ఒక్కొక్క బిళ్ళయే చాలును గనుక కావలసినవి 22 బిళ్ళలు. 18 రకముల తావున 10 రకములు నిలిచినవి. ఒక వాక్యము భాషయంతటికి సాక్ష్యము కాజాలదు; కాని రెండు పద్ధతుల భేదమును చూపుటకు చాలును.

ఇందును ఒక దోషము కనబడినది. గుణింతము స్వేచ్ఛ యగుటచే ఆట మిక్కిలి తేలికయైనది. మ-ల యను రెండు బిళ్ళలకు ‘మాల’, ‘మేలు’, ‘మూల’, ‘మల్లె’ అన్నియు చెల్లినవి. పైగా పదములు కలియు గడిలో వివాదము పుట్టినది. అడ్డముగ ‘కమల’ యున్నది. అందలి మకారము మీదుగ ఒకరు నిలువుగ ‘నిమిషము’ పేర్చిరి. అడ్డముగ ‘మ’, నిలువుగ ‘మి’! ప్రాసను ఒప్పుకొన్నవారము దీనిని కాదనుటెట్లు? ఒక సాయంకాలమంతయు ఈ వాదముననే గడచినది.

చిక్కు విడిపోయినది బంధకవిత్వము జ్ఞప్తికి వచ్చిన పిమ్మట. పద్మబంధమున పంచబడు అక్షరము హల్లు మాత్రమే కాదు. అచ్చుతో కూడిన పూర్తి యక్షరము. కావున బిళ్ళకు ప్రాసనియమమును, పదములు కలియు గడికి బంధనియమమును పాటింపవలెనని నిర్ణయించుకొంటిమి. సంచినుండి తీసిన బిళ్ళకు గుణింతము స్వేచ్ఛ. పటముపై నొకసారి పలికిన పిమ్మట ఆ గుణింతము స్థిరము. ‘కమల’ మీదుగ ‘నెమలి’ పోవచ్చును, ‘నిమిషము’ పోరాదు. పలికిన పదమును ఒకరు కాగితముపై వ్రాయుచుండవలెను. ఈ రెండు నియమములు కలిసిన పిదప ఆట సరియైన బిగికి వచ్చినది. గెలుపు ఒకసారి ఒకరిది, మఱియొకసారి మఱియొకరిది యైనది.

‘ఎస్’ విషయమున బట్స్ పడిన జాగ్రత్త మనకును కావలెను. డు, ము, వు, లు ప్రథమావిభక్తి యని బడిపిల్లలందఱును వల్లించినదే. ఎదుటివాని పదమునకు ‘లు’ తగిలించి విలువనంతయు లాగుకొనుట మాలో మొదటి దినముననే ఆరంభమైనది. విభక్తిప్రత్యయము మాత్రమే చేర్చినవానికి ఆ ప్రత్యయపు బిళ్ళ విలువయే గాని పూర్వపదపు విలువ రాదని మేము కట్టుబాటు చేసికొంటిమి.

7. పదమునకు ప్రమాణమెవరు?

ఇంగ్లీషు ఆటకు 1978నుండి ప్రత్యేకనిఘంటువు కలదు. అందున్నది పదము, లేనిది కాదు, అర్థముతో పని లేదు. న్యూజీలాండు దేశీయుడగు నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాటలాడుట రాకయే ఆ భాషాపదములను కంఠస్థము చేసి 2015లో ఫ్రెంచి ప్రపంచపోటీలో గెలిచెను. అది అద్భుతమైన ధారణయే. కాని మిత్రులు కూడి ఆడు ఆటకు అదియే ఆదర్శమని మేము తలంపము.

తెలుగున ఏ నిఘంటువును ముందుంచుకొనవలెను? బహుజనపల్లి సీతారామాచార్యుల ‘శబ్దరత్నాకరము’ 1885 నాటిది. కావ్యభాషకు అది గొప్ప ఆధారము. ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’ మొదటి సంపుటము 1936లో వెలువడినది. వృత్తిపదములకు భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో ఆరంభమైన ‘మాండలిక వృత్తి పదకోశము’ కలదు. ఇవి యన్నియు కలిసినను క్రియారూపములన్నిటిని ఎక్కింపవు. ఏ నిఘంటువును ఎక్కింపజాలదు.

మా నలుగురిలో ఒకరు గోదావరి ప్రాంతమువారు, ఒకరు రాయలసీమవారు, ఒకరు కరీంనగరమువారు. ఒకనాడు కరీంనగరపు మిత్రుడు వ-చ-డ బిళ్ళలు పేర్చి ‘వచ్చిండు’ అనెను. గోదావరి మిత్రుడు దానిని శంకించి ‘వచ్చాడు’ అన్నచో ఒప్పుకొందుననెను. అందులకు ఆయన, “‘వచ్చాడు’ మాత్రం మీ నిఘంటువుల ఉన్నదా సార్? మా అమ్మ దినాం అనే మాట తప్పెట్లయితది?” అని యడిగెను. మాలో నెవరికిని సమాధానము తోచలేదు. రెండు రూపములకును బిళ్ళలు అవియే మూడు. హల్లులకు లేని భేదమును మనమే కల్పించుకొంటిమి. తరగతిలో మాండలికముల గౌరవమును గూర్చి ఏండ్ల తరబడి బోధించిన మేము, ఆట బల్ల వద్ద ఒక మండలపు రూపమునే ప్రమాణముగ నెంచుచుంటిమని ఆనాడు తెలిసికొని సిగ్గుపడితిమి.

అటుపై మేము పెట్టుకొన్న నియమమిది: పదము పేర్చినవాడు దాని అర్థమును చెప్పవలెను, నిఘంటువున నున్నచో సరే, లేనిచో తానుగాక మఱియొకరు ఆ మాటను విని యుండినట్లు చెప్పిన చాలును. ఆ మాట ఏ మండలమున, ఎవరి నోట వినిరో కాగితముపై వ్రాయుదుము. కొన్ని యాటలు ముగియునప్పటికి ఆ కాగితము చిన్న పదకోశమువలె తయారైనది.

8. ఉపసంహారము

ఇంతవఱకు చేసిన విచారమువలన తెలుగు లిపిపై మోపిన నేరము నిలువదని మా యభిప్రాయము. దోషము లిపిలో లేదు. ఇంగ్లీషు అక్షరమునకు మాఱుగ మన అక్షరమును ఉన్నదున్నట్లు నిలుపబోవుటలో నున్నది. బిళ్ళకు ప్రాసను, కలయికకు బంధమును ప్రమాణము చేసికొన్నచో ఆట మన భాషకు ఒదుగును.

అయినను మా పని సగమే యైనది. మా అట్టముక్కలపై విలువలు ఊహించి వేసినవి. బట్స్ వలె లెక్కించి వేసినవి కావు. ఘ, ఝ, ఠ, ఢ వంటివి దేశ్యపదములలో అరుదని వ్యాకరణము చెప్పును. ఎంత అరుదో లెక్కయే చెప్పవలెను. ఒకనాడు విరివిగ వ్రాసిన బండిఱకు నేటి వార్తాపత్రికలో ఎంత చోటు మిగిలినది? ప్రబంధమును లెక్కించి విలువలు కట్టిన పెట్టెయు, దినపత్రికను లెక్కించి కట్టిన పెట్టెయు ఒక్కటి కావు. ఆ రెంటి యంతరమే భాషాచరిత్ర. ఉద్యోగము పోయిన ఒక వాస్తుశిల్పి తన యింట కూర్చుండి తన భాషకు చేసిన పనిని, మన శాఖలలోని విద్యార్థులు నలుగురు పూనినచో మన భాషకు చేయలేరా? దినపత్రికల పుటలు కలవు, గణనయంత్రములు కలవు. అంతవఱకు ఉత్సాహము గల మిత్రులు అట్టముక్కలతోనే ఆరంభింపవచ్చును. మా నియమములలోని లోపములను ఆడి చూచిన విజ్ఞులు తెలిపినచో కృతజ్ఞతతో దిద్దుకొందుము.